పడవలు తోమే పని

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నాకంటే ముందు డాక్టర్లు, ఇంజనీర్లు మాట్లాడారు. నన్ను కూడా నా వృత్తి గురించి చెప్పమన్నారు. ఇరవై రెండేళ్లు దుబాయిలో ఒక బోటు యార్డులో పనిచేశాను. ఇంటికి రాసిన ఉత్తరాల్లో "మెకానిక్కుని" అని రాసేవాణ్ణి. అది అబద్ధం. నేను పడవలు తోమేవాణ్ణి. మిషనుతో పాలిష్ పట్టేవాణ్ణి. ఇవాళ మాస్టార్ల ముందు నిజం ఒప్పుకుంటున్నాను.

ఫైబరు పడవకి పైన జెల్‌కోట్ అనే పొర ఉంటుంది. మందం సుమారు అర మిల్లీమీటరు. పడవకి అదే చర్మం. ఏళ్ల తరబడి ఎండ తగిలితే అది సుద్దలా అయిపోతుంది. అరచేత్తో రాస్తే బ్లాక్‌బోర్డు తుడిచినట్టు తెల్లగా అంటుకుంటుంది. ఆ చచ్చిన పొరని తీసి, కింద ఉన్నదాన్ని నున్నగా చేసి, పైన వాక్స్ పట్టించడమే మా పని. చిక్కల్లా ఒకటే. తీసేసిన పొర మళ్లీ పెరగదు.

పాలిష్ మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది రోటరీ. గ్రైండర్‌లా ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. పని తొందరగా తెముల్తుంది, కానీ వేడి పుడుతుంది. ఒకేచోట నిలిపితే కాల్చేస్తుంది. రెండోది డ్యూయల్ యాక్షన్, మేం డీఏ అంటాం. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరుగుతుందని సోషల్ క్లాసులో చెప్పారు కదా, దాని ప్యాడ్ కూడా అలాగే తిరుగుతుంది. మామూలు డీఏని గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడమే ఆగిపోతుంది. నెమ్మదే గానీ, తప్పు చేసినా చాలావరకు క్షమిస్తుంది.

నేను చేరిన నాలుగో నెలలో ముదురు నీలం బోటు ఒకటి వచ్చింది. సాయంత్రానికి అయిపోవాలన్నారు. రోటరీకి ఉన్ని ప్యాడ్ బిగించి, వేగం పూర్తిగా పెంచి మొదలుపెట్టాను. వెనక మూల అంచు దగ్గరకి వచ్చేసరికి నీలం మాయమై, లోపలి ఫైబరు నేత కనబడింది. అంచుల దగ్గర ఒత్తిడంతా ఒక గీత మీదే పడుతుందని నాకప్పుడు తెలీదు. రెండు నెలల జీతం కోశారు. ఆ రెండు నెలలూ ఇంటికి డబ్బు పంపలేదు. ఎందుకో రాయనూ లేదు.

మా ఫోర్‌మన్ మలయాళీ పెద్దాయన. మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ముందు ఒక మూల అడుగు మేర చేసి చూసుకోవాలి. మెత్తని ప్యాడ్, తేలిక మందుతో మొదలుపెట్టు. చాలకపోతేనే గట్టిది తీసుకో" అన్నాడు. వినగానే మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. "చిత్తు లెక్క పక్కన చేసుకోరా, తర్వాత ఫెయిర్ చెయ్యి" అని ఎన్నిసార్లు చెవి మెలేశారో! బళ్లో ఎక్కని పాఠం అక్కడ ఎక్కింది.

మీలో ఎవరైనా మిషను కొనేటట్టయితే, మొదటిది డీఏయే కొనండి. ప్యాడ్ ఊగే వెడల్పు 15 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. షాపులో దాన్ని భుజం ఎత్తున రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. కారు బానెట్ పడుకుని ఉంటుంది, పడవ గోడలా నిలబడి ఉంటుంది. బరువంతా మన చేతుల మీదే. సుద్ద దట్టంగా పేరుకున్నప్పుడు రోటరీ కావాలి గానీ, చెయ్యి తిరిగాకే దాన్ని పట్టుకోండి.

ముందు పడవని శుభ్రంగా కడగండి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా గీతలే. ఎండలో చెయ్యొద్దు, మందు ఎండిపోతుంది. అంచులకి టేపు అంటించండి. రెండడుగుల చదరం చొప్పున పట్టండి. ప్యాడ్ ఆనించాకే స్విచ్ వెయ్యండి, లేకపోతే మందు మీ మొహాన పడుతుంది. ప్యాడ్ బల్లపరుపుగా ఉండాలి. ఒక వరస సగం మీదికి రెండో వరస రావాలి. ప్యాడ్ మందుతో నిండిపోతే బ్రష్‌తో దులపండి, లేదా మార్చండి. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకోండి. నీటి దగ్గర పని కాబట్టి, కరెంటు లీకైతే ఆపేసే బ్రేకరు తప్పనిసరి. మూతికి మాస్కు కట్టుకోండి. మధ్యమధ్యలో చేతికి విశ్రాంతి ఇవ్వండి. నేను ఇవ్వలేదు. అదురు వల్ల ఇప్పుడు చలికాలం పొద్దున్నే నా కుడిచేతి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతాయి, చొక్కా బొత్తాలు మా ఆవిడే పెడుతుంది.

మన ఒడ్డున కూడా ఇప్పుడు ఫైబరు తెప్పలే ఎక్కువ. వేటకెళ్లే తెప్పకి మెరుపెందుకు అంటారు. నిజమే, అద్దంలా మెరవనక్కర్లేదు. కానీ జెల్‌కోట్ పోతే నీరు నేతలోకి దిగుతుంది. ఏడాదికోసారి కడిగి, పగుళ్లు చూసి, వాక్స్ పట్టించడానికి పెద్ద ఖర్చేం కాదు.

ఇందాక లెక్కల మాస్టారు, "ఏం చేస్తుండేవాడివిరా అక్కడ?" అని అడిగారు. "పడవలు తోమేవాణ్ణండి" అన్నాను. "బాగా తోమేవాడివా?" అన్నారు. "మొదటిది పాడుచేశానండి. తర్వాత ఒక్కటీ పాడుచెయ్యలేదు" అన్నాను. ఆయన నవ్వి భుజం తట్టారు.

నా పాత మిషన్లు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. నేర్చుకుంటామనే కుర్రాళ్లుంటే పంపించండి. ముందు చిత్తు లెక్క నేర్పిస్తాను.

సెలవు.