కంచు కంఠము – శ్రీ కొంగర జగ్గయ్యగారి కళాజీవితము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయపు పండుగలో సినిమా నటుని ప్రసక్తి ఏల యని కొందరికి తోచవచ్చును. పుస్తకమునకును నాటకమునకును నడుమ వాక్కు అనునది యొకటి కలదు. కాగితముపై నిద్రించుచున్న అక్షరము నోట మేల్కొని, వినువాని మనస్సును చేరినప్పుడే దానికి ప్రాణము వచ్చును. ఆ విద్యయందే జీవితమెల్ల కృషి చేసినవారు శ్రీ కొంగర జగ్గయ్యగారు. కనుక వారి కథ గ్రంథాలయమునకు పరాయిది కాదు.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెరగులుగా విభజించెను. వాచికమునందు మిక్కిలి యత్నము చేయవలెననియు, నాట్యమునకు అదియే శరీరమనియు చెప్పెను. పాణినీయ శిక్ష యను గ్రంథము అధమ పాఠకులను ఆరుగురిని లెక్కించినది: రాగము తీయుచు చదువువాడు, వడివడిగా చదువువాడు, తల యూపుచు చదువువాడు, వ్రాతను చూచి మాత్రమే చదువగలవాడు, అర్థమెరుగక చదువువాడు, గొంతు పెగలనివాడు. ఈ ఆరు దోషములను తొలగించుకొన్న కంఠమెట్లుండునో తెలుగువారు జగ్గయ్యగారి నోట వినిరి.

గుంటూరు జిల్లాలో తెనాలికి చేరువనున్న మోరంపూడి వారి జన్మస్థలము. ద్విజేంద్రలాల్ రాయ్ రచించిన 'సీత' నాటకమును హిందీలో ప్రదర్శించినప్పుడు, పదకొండేండ్ల ప్రాయమున లవుని వేషము ధరించిరి. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుచు, సహాధ్యాయియగు నందమూరి తారక రామారావుగారితో కలిసి నాటకములాడిరి. పత్రికలో పనిచేసిరి, దుగ్గిరాల ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులైరి. రంగస్థలము కడపటి వరుసలోని శ్రోతకు మాట చేర్చుట నేర్పును. పత్రిక మాటను పొదుపుగా వాడుట నేర్పును. పాఠశాల తెలియనివానికి తెలియునట్లు చెప్పుట నేర్పును. ఈ మూడు విద్యలును ఒక్క కంఠమున చేరినవి.

పిమ్మట ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిరి. ఇది నాటకమునకు ఎదురు విద్య. రంగముపై గొంతెత్తవలెను, మైకు ముందర అణచవలెను. వార్త చదువువానికి ముఖము లేదు, చేయి లేదు, కిరీటము లేదు. సంతోషవార్తకు పొంగరాదు, దుఃఖవార్తకు క్రుంగరాదు. అయినను వినువానికి అర్థము చెదరక అందవలెను. నటునకు ఇంతకంటె కఠినమైన పాఠశాల వేరొకటి లేదు.

చలనచిత్రరంగమున వారి ప్రవేశము 1952లో, త్రిపురనేని గోపీచంద్‌గారి దర్శకత్వమున వెలువడిన 'ప్రియురాలు'తో జరిగినది. పేరు తెచ్చినది 1955వ సంవత్సరము. ఆ యేట బి.ఎన్. రెడ్డిగారి 'బంగారు పాప'లో ప్రేమించిన యువకునిగను, 'అర్ధాంగి'లో అన్నకు పక్కలో బల్లెమై దుర్వ్యసనముల పాలైన తమ్మునిగను కనబడిరి. ఒకే సంవత్సరమున, ఒకే గొంతుతో, రెండు స్వభావములు! 1964లో వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'లో భార్యను శంకించు భర్త వేషము వారిది. శంక యనునది కేకలతో పుట్టదు. మాటకు మాటకు నడుమనున్న విరామమున పుట్టును. ఆ విరామమును పలికించుట వారికి తెలియును.

1974లో 'అల్లూరి సీతారామరాజు' చిత్రమున రూథర్‌ఫర్డు దొర వేషము ధరించిరి. సుందరకాండలో హనుమంతుడు రావణుని కొలువులో చూచి, వాని తేజస్సునకు అచ్చెరువొందును. శత్రువును ఘనునిగా చూపుట వలన వాల్మీకి రాముని ఘనత తగ్గింపలేదు, పెంచెను. జగ్గయ్యగారి దొరయు అట్టివాడే. అతడు అల్పుడైనచో రాజు వీరమరణమునకు అంత కాంతి ఉండెడిది కాదు.

ఇక వారి కృషిలో తెరవెనుకనున్న భాగము. తమిళమునుండి తెలుగునకు వచ్చిన శివాజీ గణేశన్‌గారి చిత్రములలో అనేకమునకు గాత్రము జగ్గయ్యగారిది. ఆ పని ఎట్టిదో చూడుడు. చీకటి గదిలో చిత్రపు తునకను మరల మరల తెరపై త్రిప్పుదురు. ప, బ, మ అను అక్షరములు పెదవులు కలిసిననే పుట్టును గనుక, తెరమీది పెదవులు కలిసిన చోటనే తెలుగు మాటలోను అట్టి అక్షరము పడవలెను. తెలుగు అజంతభాష, తమిళమున హల్లుతో ముగియు మాటలు పెక్కు. అచ్చట నోరు మూతపడిన వేళ ఇచ్చట అచ్చు ఇంకను పలుకుచుండును! ఈ చిక్కును దాటుచునే ఆ మహానటుని ఉద్రేకమును తన గొంతులోనికి తెచ్చుకొనవలెను. శ్రమ ఒకరిది, తెరపై ముఖము మరియొకరిది. పేరును కోరువాడు ఈ పని చేయలేడు; మాటను ప్రేమించువాడే చేయగలడు.

వారి కాలమున రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు అగ్రస్థానమున నుండిరి. జగ్గయ్యగారికి పెక్కుసార్లు రెండవ నాయకుని వేషమో, ప్రతినాయకుని వేషమో దక్కినది. దానికి వారు చిన్నబోలేదు. దక్కిన వేషమును పెద్దది చేసిరి. చిన్న పనిలో ఉన్నవారందరు తలచదగిన సంగతి యిది.

1967లో ఒంగోలు నియోజకవర్గమునుండి కాంగ్రెసు పక్షమున లోక్‌సభకు ఎన్నికైరి. సినిమా నటులలో లోక్‌సభకు ఎన్నికైన మొదటివారు వీరేయని చెప్పుదురు. రవీంద్రుని గీతాంజలిని 'రవీంద్ర గీత'గను, 'సాక్రిఫైస్' నాటకమును 'బలిదానము'గను తెలుగు చేసిరి. ఆచార్య ఆత్రేయ రచనలను సేకరించి సంపుటములుగా వెలువరించుటకు పూనుకొనిరి. 'కళావాచస్పతి' బిరుదము వారిని వరించినది. 1992లో పద్మభూషణ పురస్కారము లభించినది. 2004 మార్చి 5వ తేదీన చెన్నైలో కీర్తిశేషులైరి.

కంచు మ్రోగినట్లు బంగారము మ్రోగదని చెప్పి వేమన అల్పుల ఆడంబరమును పరిహసించెను. జనులు జగ్గయ్యగారిది కంచు కంఠమనిరి. కాని ఈ కంచు వట్టి మ్రోత కాదు. దాని వెనుక చదువు కలదు, అర్థజ్ఞానము కలదు, వినయము కలదు. దేవాలయపు గంటయు కంచే గదా! అది మ్రోగినప్పుడు జనులు నిలిచి చేతులు జోడింతురు.

సోదరులారా, ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. బీరువాలలో పుస్తకములు కలవు. కాని ఊరిలో చూపు మందగించిన వృద్ధులు కలరు. అక్షరము రాని కూలిజనము కలరు. చదువు వచ్చియు నలుగురిలో నోరు విప్ప వెరచు బాలబాలికలు కలరు. వారమునకొక సాయంకాలము ఈ అరుగుమీద ఒక బాలుడో బాలికయో పత్రికనో పురాణమునో బిగ్గరగా, స్పష్టముగా, అర్థమెరిగి చదివినయెడల, ఆ మూడు తెరగుల వారికిని మేలు కలుగును. ఒత్తులు పోకుండ, 'శ'కార 'స'కారములు కలియకుండ చదువుట నేర్పుటకు పెద్దలు పూనుకొనవలెను. మైకు గొంతును పెద్దది చేయగలదు గాని, తప్పును ఒప్పు చేయలేదు.

వెండి పండుగనాడు కంచు కంఠమును తలచుకొనుటకు ప్రయోజనము అదియే. స్వస్తి.