ఇంటిపన్ను పుస్తకం అందరూ చూసే రోజుల్లో
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో పిల్లల చదువుల గురించి, పెళ్ళిఖర్చుల గురించి మాట్లాడుకోవడం అలవాటే. ఇంటిపన్ను గురించి నాలుగు మాటలు చెబుతామంటే "ఇదేం విషయమండీ, బిల్లు కలెక్టరు వస్తే కట్టేస్తాం కదా" అని కొందరు అనుకోవచ్చు. కట్టేస్తాం, నిజమే. కట్టిన రశీదు మీద ఎవరి పేరుందో మనలో ఎంతమంది చదివారు? ఈ పూట మా మనవి ఆ పేరు గురించే.

పొలాల సంగతి మీకు తెలుసు. 2015లో మీభూమి వచ్చాక అడంగలు, 1-బి కోసం కరణంగారి అరుగు మీద కూర్చునే కాలం పోయింది. పట్టణాల్లో ఇంటిపన్ను కూడా అదే దారి పట్టింది. అమలాపురం మునిసిపాలిటీలో ఇల్లున్నవారు పురపాలక శాఖ వెబ్‌సైటులో అసెస్‌మెంటు నంబరో, డోరు నంబరో, యజమాని పేరో కొడితే బాకీ ఎంతో కనిపిస్తుంది. ఇక గ్రామాల వంతు. 2025లో స్వర్ణ పంచాయతీ అనే పేరుతో పంచాయతీ పన్నులను కూడా ఆన్‌లైన్‌లోకి తెచ్చారు. కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న మన పిల్లలు అక్కడినుంచే ఇంటిపన్ను కట్టే రోజు వచ్చింది. సంతోషమే.

అయితే ఒకరి ఇంటి లెక్క ఇంకొకరు చూడడమేమిటని అడిగేవారున్నారు. ఇది కొత్త సంగతేమీ కాదు. పూర్వం పన్ను లెక్క తయారైతే నోటీసు గోడకు అంటించి, టముకు వేయించేవారు. అభ్యంతరాలుంటే చెప్పుకోమనేవారు. ఎవరి ఇంటికి ఎంత వేశారో పదిమందికీ తెలియాలన్నదే దాని భావం. తెలిస్తేనే న్యాయం జరుగుతుంది. ఒక వీధిలో రెండు డాబాలున్నాయనుకోండి. ఒకే కొలత, ఒకే కాలంలో కట్టినవి. ఒకదానికి వెయ్యి, రెండోదానికి రెండు వేలు పన్ను వేస్తే, రెండో ఇంటాయనకు తన చీటీ ఒక్కటే చూస్తే అన్యాయం కనబడదు. పక్కింటి లెక్క చూస్తేనే కనబడుతుంది. ముఖ్యంగా మన రాష్ట్రపు పట్టణాల్లో 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. విలువ కట్టడమన్నాక కొలతలో పొరపాటు రావచ్చు, పెంకుటిల్లును డాబాగా వ్రాసేయవచ్చు. నలుగురు చూసే పుస్తకంలో అటువంటి తప్పు ఎక్కువకాలం నిలవదు.

దేశం దాటి చూస్తే, మన తెలుగువాళ్ళు డల్లాసు చుట్టుపక్కల వేలాదిగా ఇళ్ళు కొనుక్కున్నారు కదా. ఆ టెక్సాస్ రాష్ట్రంలో ఇళ్ళ విలువ కట్టడానికి అప్రైజల్ డిస్ట్రిక్టు అని విడిగా ఒక కార్యాలయం ఉంటుంది. ఎవరి ఇంటి విస్తీర్ణం ఎంత, ఎప్పుడు కట్టారు, ఎంత విలువ వేశారు అన్నది అందరూ చూడవచ్చు. తనకు ఎక్కువ వేశారనుకున్నవాడు మే 15లోగా, లేదా నోటీసు వచ్చిన 30 రోజుల్లోగా, ఏది తరువాతైతే ఆలోగా, అభ్యంతరం పెట్టుకోవచ్చు. పోలిన ఇళ్ళ విలువలు చూపించి, "నాకు మాత్రం ఎందుకు ఎక్కువ?" అని అడగడం అక్కడ హక్కు. ఇంత తెరిచిపెట్టిన ఆ రాష్ట్రమే ఇంకో మాట కూడా చట్టంలో వ్రాసుకుంది. నివాసగృహాల ఫోటోలు, లోపలి గదుల నక్షాలు, యజమాని వయస్సు తెలిపే వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టరాదు. ఎందుకో వేరే చెప్పాలా? ఏ గది ఎక్కడుందో, ఇంట్లో వృద్ధులెవరున్నారో దొంగకు చెప్పవలసిన పని సర్కారుకు లేదు.

ఇది మనకు తెలియని నీతి కాదు. ఇతరుల ఇంట్లోకి అనుమతి తీసుకోకుండా, సలాం చెప్పకుండా అడుగుపెట్టవద్దని సూరహ్ నూర్‌లో స్పష్టమైన ఆదేశం ఉంది. గుమ్మం బయట నుంచి కనిపించేది వేరు, గుమ్మం దాటితే కనిపించేది వేరు. ఇంటి కొలత, వేసిన పన్ను, బాకీ ఇవి గుమ్మం బయటివి. ఫోను నంబరు, ఆధార్ నంబరు, కులం, మతం, ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళున్నారు, మగవాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారా అన్నవి గుమ్మం లోపలివి. 2020లో తెలంగాణలో వ్యవసాయేతర ఆస్తులను ధరణిలో ఎక్కించేటప్పుడు ఆధార్, కులం, కుటుంబ సభ్యుల వివరాలు అడిగితే సంగతి హైకోర్టు దాకా వెళ్ళింది. ఆ నవంబరులో హైకోర్టు ఆ నమోదును నిలిపివేసింది, డిసెంబరులో ఆధార్ వివరాలు అడగవద్దని చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పి ఉంది. కాబట్టి పన్ను లెక్క తెరవండి, మనుషుల వివరాలు మూయండి అని అడగడానికి మనం జంకనక్కరలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము.

మన ఊళ్ళల్లో ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో ఉన్నవి. పొలానికి ఉన్నట్టుగా ఇంటి స్థలానికి విడిగా సర్వే నంబరు, పట్టా చాలామందికి లేవు. దస్తావేజులున్నవారివి కూడా 1986 గోదావరి వరదల్లో, 1996 నవంబరు తుఫానులో ట్రంకుపెట్టెలతో సహా నానిపోయిన ఇళ్ళున్నాయి. అందుచేత పంచాయతీవారి పన్ను రశీదే మనకు పెద్ద కాగితం అయి కూర్చుంది. కరెంటు మీటరుకి అదే, అప్పుకి అదే. పన్ను రశీదు హక్కుపత్రం కాదని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. కానీ తగువు వచ్చిన నాడు అందరూ ముందు వెతికేది దానినే. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టి, డ్రోన్లతో గ్రామాల్లోని ఇళ్ళ స్థలాలను కొలవడం ఆరంభించింది. అటువంటి కొలతలు వచ్చినపుడు "ఈ ఇల్లు ఎవరిది?" అన్న ప్రశ్న వస్తుంది. జవాబు ఏ పుస్తకంలో ఉంటుంది? మళ్ళీ ఆ పన్ను పుస్తకంలోనే!

ఆ పుస్తకంలో మన వరసలు చూడండి. తాతగారు గతించి ముప్పై ఏళ్ళయినా ఇల్లు ఆయన పేరనే ఉంటుంది. లేకపోతే పెద్దన్నగారు ఏనాడో పంచాయతీకి వెళ్ళి తన ఒక్కడి పేరు వ్రాయించుకుని ఉంటారు. దురుద్దేశంతోనే వ్రాయించుకున్నారని మేము అనము. పన్ను కట్టేవాడు తానే కదా అని వ్రాయించుకుని ఉంటారు. కానీ ఆయన తరువాత ఆయన కొడుకుల మాటేమిటి? వాళ్ళు ఫోను తెరిచి, "చూడండి, ఇల్లు మా నాన్నగారి పేరున ఉంది, మేనత్తకు ఇందులో ఏముంది?" అంటారు. కాగితం మీది తప్పు ఒక ఆఫీసు బీరువాలో ఉన్నంతకాలం ఒక రకం. లోకమంతా చూసే తెర మీదికి ఎక్కితే అదే నిజమైపోతుంది.

లెక్క వేసి చూద్దాము. ఒకాయన గతించారు. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. అప్పులు, వసీయత్ పోగా మిగిలిన ఇంటి విలువ 16 లక్షలు అనుకోండి. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 2 లక్షలు. మిగిలిన 14 లక్షలను ఏడు భాగాలు చేస్తే కొడుకులకు నాలుగేసి లక్షలు, కూతుళ్ళకు రెండేసి లక్షలు. ఇది ఎవరి దయాదాక్షిణ్యం కాదు. షరీయత్ నిర్ణయించిన హిస్సా. 1937 షరీయత్ చట్టం ప్రకారం కోర్టులు కూడా అంగీకరించే హిస్సా. ఆ ముగ్గురు కూతుళ్ళ పేర్లు, ఆ తల్లి పేరు మన ఊరి పన్ను పుస్తకంలో ఎన్ని ఇళ్ళ దగ్గర ఉన్నాయి? పండక్కి చీర పెట్టి పంపితే హిస్సా తీరిపోయిందనుకునే ఆచారం మనకు ఎక్కడనుంచి వచ్చిందో గాని, దీన్‌నుంచి మాత్రం రాలేదు. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడే వ్రాసి పెట్టుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరహ్ బఖరహ్ చెబుతోంది. ఇంటి విషయం అంతకన్న చిన్నదా?

అక్కచెల్లెళ్ళు తమ భాగం అన్నకు వదిలేస్తామంటే వదులుకోవచ్చు, అది వారి ఇష్టం. కానీ వదులుకోవాలన్నా ముందు ఆ భాగం తమదని వారికి తెలియాలి. తెలిసి, కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. మౌనంగా ఉన్నారు కనుక ఒప్పుకున్నట్టే అనడం తగదు.

మసీదు ఆస్తుల గురించి కూడా ఒక మాట. ప్రార్థనా స్థలానికి పన్ను మినహాయింపు ఉంది. దాని ప్రక్కనున్న అద్దె గదులు, కొట్లు వేరే లెక్క. వాటి పన్ను ఎప్పుడో ఒక ముతవల్లీగారి సొంతపేరున వ్రాసి ఉంటే ఆ పెద్దమనిషి సజ్జనుడే కావచ్చు, ఆయన వారసులతో తగువు మాత్రం తప్పదు. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ వచ్చి వక్ఫ్ ఆస్తుల వివరాలు అందులో ఎక్కించమన్నారు. అక్కడొక పేరు, పంచాయతీలో ఇంకొక పేరు ఉంటే మనకే నష్టం. జమాత్ కమిటీలు రెండూ సరిచూసుకోవాలని కోరుతున్నాము.

చేయవలసినది పెద్ద పనేమీ కాదు. మీ అసెస్‌మెంటు నంబరు పట్టుకుని పేరు, డోరు నంబరు, ఇంటి రకం, కొలత చూసుకోండి. ఫోనులో దొరక్కపోతే పంచాయతీ కార్యాలయంలో డిమాండు రిజిస్టరులో మీ వరస చూపించమనండి. అక్కడా పని కాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేరు మార్పు కోరేటప్పుడు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి, వారసులందరి పేర్లూ వ్రాయండి. తల్లి పేరు ముందు వ్రాయండి. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని ఇంట్లో దాచుకోండి.

సభ ముగిశాక భోజనాల దగ్గర మన కుర్రవాళ్ళు ఇద్దరు ఫోన్లతో కూర్చుంటారు. పాత రశీదులు తెచ్చినవారు వారికి చూపించవచ్చు. ఆడవాళ్ళు వరసలో వెనక నిలబడవద్దు, ముందు వారివే చూడమని చెప్పాము.