రక్తహీనత మన నొసటి రాత కాదు

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మహిళా సమావేశాలలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మూడు ఊళ్లలో మేము ఏ ఇంటికి వెళ్లినా ఒకే మాట వింటున్నాము: "చక్కర్ వస్తోంది, కాళ్లు లాగుతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం." కారణమడిగితే ఎండలంటారు, పని ఎక్కువంటారు. నెలసరి ఎన్నాళ్లుంటుందని అడిగితే మాత్రం తల వంచుకుంటారు. ఆ మౌనాన్ని గురించే ఈ రోజు మాట్లాడదలచాము.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. తిండి లోపమొక్కటే దీనికి కారణం కాదు. నెలనెలా అధిక రక్తస్రావమయ్యే స్త్రీ ఎంత తిన్నా, చిల్లికుండలో నీరు పోసినట్లే. నెలసరి ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా అది అధిక రక్తస్రావమే.

ఫాతిమా బింతె అబీ హుబైష్ తన ఆగని రక్తస్రావాన్ని గురించి స్వయంగా ప్రవక్త (స)ను అడిగారని హదీసులు చెబుతున్నాయి. అది నెలసరి కాదని, వేరే కారణం వల్ల కలిగేదని ఆమెకు సమాధానం లభించింది. ఆమె అక్కడ అడగగలిగినప్పుడు, మనకు డాక్టరును అడగటానికి సిగ్గెందుకు?

మొదట హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. 8కి తగ్గితే తీవ్రమైనది, ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. వారానికొకటిగా ఇచ్చే ఇనుము మాత్ర నివారణకు మాత్రమే. ఇప్పటికే రక్తం తగ్గినవారికి అది చాలదు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. హిమోగ్లోబిన్ పెరిగిన తరువాత కూడా దాదాపు మూడు నెలలు కొనసాగిస్తేనే శరీరంలో నిల్వలు నిండుతాయి. మలం నల్లబడితే భయపడవద్దు. కడుపులో వికారమైతే మానేయక డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చవచ్చు.

మాత్రకు, భోజనానికి దగ్గరలో చాయ్ తాగవద్దు. అది ఇనుమును ఒంటికి పట్టనీయదు. నిమ్మరసం, జామపండు, ఉసిరి పట్టిస్తాయి. మాంసం, ఆకుకూరలు, ఉలవలు, పప్పులు తినాలి. ఇంట్లో అందరికీ వడ్డించాక మిగిలినది తినే అలవాటు మానాలి. రంజాన్‌లో మాత్రను ఇఫ్తార్ తరువాత వేసుకోవచ్చు. రోగికి ఉపవాస మినహాయింపు ఉన్నదని మరువరాదు.

ఇనుముతో పాటు కారణాన్నీ వెదకాలి. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్, కాపర్-టి, రక్తం గడ్డకట్టని లోపం - వేటివల్లనైనా కావచ్చు. చాలావాటికి మందులున్నాయి. కాని మన దగ్గర తొందరగా వినిపించే సలహా "గర్భసంచి తీసేయండి" అన్నదే. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశంలో సుమారు 3 శాతమైతే, మన రాష్ట్రంలో సుమారు 9 శాతం! అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కనుక "స్కానింగులో ఏమున్నది? మందులతో తగ్గదా?" అని అడగండి, రెండవ డాక్టరు అభిప్రాయం తీసుకోండి. ఆపరేషన్ నిజంగా అవసరమైనవారు ఉంటారు. అవసరమో కాదో తెలుసుకోవటం మాత్రం మీ హక్కు.

వార్డు ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిని అడిగి సేవలు పొందుదాం. మహిళా డాక్టరును, మాట బయటకు పొక్కని గదిని కోరుదాం. ఇవి దయ కాదు, హక్కు.

సోదరులారా, బిడ్డ పెళ్లికి బంగారం తులాల్లో లెక్కిస్తున్నారు. ఆమె ఒంట్లో రక్తం ఎన్ని గ్రాములున్నదో కూడా లెక్క చూడండి. ఈ వారమే ఇంటి స్త్రీలను పరీక్షకు తీసుకువెళ్లండి. మేము మిమ్మల్ని కోరేది అంతే.