కృష్ణ ఒడ్డున ఆగిన యుద్ధం



మన కొల్లిపరకు కృష్ణ ఎంతో దూరం కాదు. రేవులో నిలబడి అవతలి ఒడ్డును ఎన్నోసార్లు చూశాం. ఒకప్పుడు ఆ ఒడ్డు వేరొక రాజ్యమన్న సంగతి మాత్రం మనకు తట్టదు. విజయనగరానికి, ఒడిశా గజపతులకు జరిగిన యుద్ధం చివరకు ఈ నీటి దగ్గరే ఆగింది.

1454లో గజపతులు కొండవీడును పట్టుకున్నారు. 1509లో రాజ్యానికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలవారు ముందుగా ఉదయగిరిని ముట్టడించారు. అది 1514లో లొంగింది. ఆ తరువాత కొండవీడు వంతు. ఆ కోట పడిన రోజును మంగళగిరి శాసనం మన ఆఫీసు రిజిస్టరంత కచ్చితంగా నమోదు చేసింది. శక సంవత్సరం 1437, యువ నామ సంవత్సర ఆషాఢ శుద్ధ ఏకాదశి, శనివారం. ఇంగ్లీషు లెక్కలో 1515 జూన్ 23. ప్రతాపరుద్ర గజపతి కుమారుడు వీరభద్రుడు బందీగా చిక్కాడు. విజయనగర సేన కొండపల్లిని గెలిచి, గోదావరి దాటి, 1516లో సింహాచలం చేరింది. అక్కడా శాసనం ఉంది.

మనవలకు చెప్పేటప్పుడు మనం కథను ఇక్కడే ముగిస్తాం. అసలు ముగింపు తరువాత ఉంది. 1519 నాటికి సంధి కుదిరింది. గజపతి తన కుమార్తెను రాయలవారికిచ్చి వివాహం చేశాడు. రాయలవారు కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూమిని తిరిగి ఇచ్చివేశారు. ఉదయగిరి, కొండవీడు మాత్రం ఉంచుకున్నారు. సింహాచలం దాకా నడిచిన సైన్యానికి చివరకు మిగిలిన సరిహద్దు మన కృష్ణే.

గెలిచింది తిరిగి ఇవ్వడమేమిటని చిన్నతనంలో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు, ఆ యుద్ధం మొత్తంలో తెలివైన పని అదే అనిపిస్తున్నది. కాని అప్పటికే ఇరుపక్షాలకూ ఎంతో నష్టం జరిగింది. గజపతుల బలం తగ్గింది. గోల్కొండ పెరిగింది. 1579 ప్రాంతంలో కొండవీడు కూడా గోల్కొండ వశమైంది. ఐరోపాలోనూ ఇదే జరిగింది. బైజాంటియం, బల్గేరియా సామ్రాజ్యాలు శతాబ్దాల తరబడి పోరాడుకున్నాయి. చివరకు 1396లో బల్గేరియా, 1453లో కాన్‌స్టాంటినోపుల్ ఆటోమన్ టర్కుల పాలయ్యాయి. పిట్టపోరు పిల్లి తీర్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

గట్టు తగాదాతో కోర్టుకెక్కి, చేనంతా పోగొట్టుకున్న అన్నదమ్ములను మనమంతా చూసినవాళ్లమే. అందుకే నా మనవి ఒక్కటే. పిల్లలకు కొండవీడు కోట చూపించండి. తిరిగి వచ్చేటప్పుడు కృష్ణ రేవులో కాసేపు ఆగి, మిగిలిన సగం కథ కూడా చెప్పండి.

సెలవు.