లక్కపిడతలు ఇంకా దొరుకుతున్నాయి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన చిన్ననాటి ఆటవస్తువుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇలాంటి సభల్లో “ఆ రోజులూ పోయాయి, ఆ బొమ్మలూ పోయాయి” అనడం రివాజు. రోజులు పోయిన మాట నిజమే. బొమ్మలు మాత్రం ఎక్కడికీ పోలేదు. డెబ్బైల్లో మనం తిరునాళ్ళలో మారాం చేసి కొనిపించుకున్న బొంగరాలు, గోళీలు, లక్కపిడతలు ఈ రోజుకీ దొరుకుతున్నాయి. గోళీల సంగతి మాస్టార్ల ఎదుట ఎక్కువ మాట్లాడను. మన జేబుల్లోంచి తీసుకున్నవి ఎన్ని వారి బల్ల సొరుగుల్లో ఉండిపోయాయో వారికే ఎరుక.

లక్కపిడతల గురించి చెబుతాను. అనకాపల్లి జిల్లాలో, అంటే మన చదువుల నాటి విశాఖపట్నం జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. చెక్కడం అయ్యాక, కర్ర గిరగిరా తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కుంచెతో పనే లేదు. పూర్వం ఒకరు తాడు లాగుతుంటే మరొకరు చెక్కేవారు. ఇప్పుడు కరెంటు మోటార్లు వచ్చాయి.

మధ్యలో కొంతకాలం రసాయన రంగులు రాజ్యమేలాయి. పిల్లలు దేన్నైనా ముందు నోట్లో పెట్టుకుంటారు కదా! పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో రంగులు తీసే పద్ధతిని మళ్ళీ నిలబెట్టినవారిలో ఆ ఊరి సి.వి. రాజుగారు ముఖ్యులు. 2023లో వారికి పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే, 2017లో, ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో నడిచిన ఆంధ్రప్రదేశ్ శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే.

గౌరవాలకు లోటు లేదు. నా బాధల్లా ఆ బొమ్మలు ఇప్పుడు ఉంటున్న చోటు గురించే. మన ఇళ్ళలో అవి అద్దాల బీరువా ఎక్కాయి. మనవరాలు చెయ్యి చాపితే “ముట్టుకోకమ్మా, పాడైపోతుంది” అంటున్నాం. మన కాలంలో పొయ్యి, బిందె, తిరగలి, గరిటె మట్టిలో దొర్లేవి. మూత పోయేది, పిడి విరిగేది, మరుసటి తిరునాళ్ళకు కొత్తది కొనేవారు. విరగడం వల్లనే చేసేవాడికి మళ్ళీ పని దొరికేది. బీరువాలో పెట్టింది ఇరవై ఏళ్ళయినా చెక్కుచెదరదు. రెండోది కొనే అవసరం ఎవరికి వస్తుంది? బహుమతిగా ఇచ్చే పెద్దల కోసమే బొమ్మలు చెయ్యాల్సి వస్తే, పనివాడు షోకేసు కొలతకే చెక్కుతాడు. అందులో అతని తప్పేమీ లేదు.

కాబట్టి కొనేటప్పుడు “సహజ రంగులేనా?” అని అడగండి. కొన్నాక పిల్లల చేతికి ఇచ్చెయ్యండి. మరీ పసివాళ్ళకు మాత్రం చిన్న గరిటెలు, గిన్నెలు వద్దు, మింగే ప్రమాదం ఉంది. వంటసెట్టు ఆడపిల్లలకే అన్న పట్టింపు కూడా మనతోనే పోనివ్వండి. నా మనవడు లక్క తిరగలిలో బియ్యం పోసి విసురుతూ పూట గడిపేస్తాడు. ఒక్క గింజా నలగదు, అది వేరే సంగతి.

భోజనాల హాలు పక్క బల్ల మీద ఒక బుట్టలో బొంగరాలు, జాటీలు పెట్టించాను. పిల్లలు తలా ఒకటి తీసుకోవచ్చు. అయితే జాటీ చుట్టడం వాళ్ళకు తెలియదు. పక్కన పెద్దవాళ్ళెవరైనా ఉండి చూపించాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు కూడా రావచ్చు, బొంగరం నిలబడే వేస్తారు.