మైకు ముందు వరసలో నిలబడండి

 

ఇవాళ పట్టభద్రులవుతున్న మీలో చాలామంది త్వరలోనే ఉద్యోగాల్లో చేరతారు. అక్కడ లాప్‌టాప్ ఇస్తారు, ఐడీ కార్డు ఇస్తారు, ఏ భాషలో కోడ్ రాయాలో చెబుతారు. ఆ భాషను ఎవరు తయారుచేశారు, ఇప్పుడు ఎవరు మారుస్తున్నారు, ఆ మార్పులో మీ మాటకు చోటుందా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఇవాళ దాని గురించే మాట్లాడదామనుకున్నాను. ప్రోగ్రామింగ్ భాషలను తయారుచేసేవాళ్లూ వాడేవాళ్లూ ఒక కప్పు కింద కలుసుకునే సమావేశాలున్నాయి. అక్కడి వక్తల్లో కొందరిని మీకు పరిచయం చేస్తాను.

1998 అక్టోబరులో కెనడాలోని వాంకూవర్‌లో ఊప్స్‌లా అనే సమావేశం జరిగింది. కీలకోపన్యాసం గై స్టీల్ గారిది. జెరాల్డ్ సస్‌మన్‌తో కలిసి స్కీమ్ భాషను రూపొందించిన వ్యక్తి, జావా భాష నిర్దేశ గ్రంథాన్ని రాసినవారిలో ఒకరు. ఆయన మాట్లాడడం మొదలుపెట్టిన తీరు వింతగా ఉంది. వాక్యాలన్నీ పొట్టి పొట్టి మాటలతో సాగుతున్నాయి. మధ్యమధ్య ఆగి, యంత్రం అంటే ఇది, వ్యక్తి అంటే ఇది అని అందరికీ తెలిసిన మాటలకే నిర్వచనాలు చెబుతున్నారు. కొంతసేపటికి ఆయనే గుట్టు విప్పారు. ఆ ప్రసంగానికి ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. మ్యాన్, థింగ్, వర్డ్ లాగా ఒకే అక్షరంగా పలికే ఇంగ్లీషు మాటలే ముందుగా చేతిలో ఉన్న సరుకు. అంతకన్నా పొడుగు మాట ఏది కావాలన్నా, ఉన్న మాటలతో దాన్ని నిర్వచించి ఆ తరవాతే వాడాలి. మన అవధానాల్లో నిషిద్ధాక్షరి పూరించే అవధానిని చూసినవాళ్లకు ఆ కష్టం ఎలాంటిదో తెలుసు. తేడా ఏమిటంటే స్టీల్ గారికి పృచ్ఛకుడు ఎవరూ లేరు, తన నోటికి తానే కట్టడి వేసుకున్నారు.

ఎందుకంత శ్రమ? చిన్న భాషలో ప్రోగ్రాం రాసేవాడి అవస్థ సభలోని వాళ్లు స్వయంగా అనుభవించాలని. భాష మరీ చిన్నదైతే ప్రతి పనికీ ముందు పదజాలం పోగుచేసుకోవాలి. మరీ పెద్దదైతే నేర్చుకోవడానికే ఏళ్లు పడతాయి, కట్టేలోపు దాని అవసరమే తీరిపోవచ్చు. కాబట్టి చిన్నగా మొదలై పెరిగే భాష కావాలి, దాన్ని పెంచేది వాడేవాళ్లే కావాలి అని ఆయన వాదించారు. లిస్ప్‌లో మీరు చేర్చుకున్న మాటకూ భాషతో పుట్టిన మాటకూ చూపులో తేడా ఉండదు. ఏపీఎల్‌లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జావాకు జెనరిక్ టైపులు కావాలని, వాడేవాళ్లు తయారుచేసుకున్న కొత్త రకం సంఖ్యలకు కూడా ప్లస్, మైనస్ గుర్తులు పనిచేయాలని ఆ వేదిక మీదే అడిగారు. జెనరిక్స్ 2004లో జావా 5తో వచ్చాయి. రెండో కోరిక ఆ రూపంలో జావాలోకి రాలేదు. ఒక్క ప్రసంగంతో భాష మారిపోయిందని నేను అనను. కానీ ఏం కావాలో, ఎందుకు కావాలో నలుగురి ముందు తేటగా చెప్పినవాళ్లు లేకుండా ఏ భాషా పెరగలేదు.

భాషను చేసినవాళ్లు వాడేవాళ్లకు జవాబు చెప్పుకోవడం ఈ సభల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. క్విక్‌సార్ట్ కనిపెట్టి, ట్యూరింగ్ అవార్డు అందుకున్న టోనీ హోర్ 2009లో లండన్‌లో జరిగిన సాఫ్ట్‌వేర్ సమావేశం క్యూకాన్‌లో మాట్లాడారు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ కోసం తాను నల్ రిఫరెన్స్‌ను పెట్టానని, అది వంద కోట్ల డాలర్ల పొరపాటు అని ఆయనే అన్నారు. కంపైలరే అన్నీ తనిఖీ చేసే భద్రమైన పద్ధతి ఆయన లక్ష్యం. కానీ నల్‌ను పెట్టడం చాలా తేలిక కావడంతో మనసు ఆపుకోలేకపోయానన్నారు. నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో రాత్రుళ్లు గడిపిన మీకు ఆ మాట బరువు నేను చెప్పక్కర్లేదు. కాట్లిన్, స్విఫ్ట్, రస్ట్ భాషలు విలువ ఉండకపోవచ్చన్న సంగతిని టైపులోనే రాయిస్తాయి. అక్కడ ఆ తప్పును కంపైలరే చాలావరకు ముందుగా పట్టేస్తుంది.

నోడ్ జేఎస్‌ను రైయన్ డాల్ 2009లో బెర్లిన్‌లో జేఎస్‌కాన్ ఈయూలో పరిచయం చేశారు. 2018లో అదే సమావేశానికి తిరిగి వచ్చి, నోడ్ విషయంలో తాను చింతిస్తున్న సంగతులు వరసగా చెప్పారు. మీ ప్రాజెక్టుల్లో డిస్కు నింపేసే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు కూడా వాటిలో ఉంది. అక్కడే డెనో అనే కొత్త ప్రయత్నాన్ని చూపించారు. లక్షలమంది వాడుతున్న పనిముట్టును చేసిన మనిషి దాని లోపాలను తన నోటితోనే చెప్పడం ఎంత ఆరోగ్యకరమైన సంప్రదాయమో ఆలోచించండి. ఉద్యోగంలో చేరాక ఈ అలవాటు మీకు అంత తరచుగా కనిపించకపోవచ్చు. మీరే దాన్ని మీ బృందంలోకి తీసుకెళ్లాలి.

ఈ పెద్ద పేర్లు విని, ఇదంతా మనకు అందని వ్యవహారం అనుకోకండి. మొదటి పైథాన్ వర్క్‌షాప్ 1994లో అమెరికాలో జరిగింది. వచ్చినవాళ్లు ఇరవై మంది. ఇప్పుడు అమెరికాలో జరిగే పైథాన్ సమావేశం పైకాన్‌కు వేలమంది వస్తారు. అక్కడ వక్తలూ నిర్వాహకులూ కూడా టికెట్ కొనుక్కునే లోపలికి వెళ్తారు. డబ్బుకు ఇబ్బందిపడేవాళ్లకు సహాయనిధి ఉంది. ప్రధాన ప్రసంగాలు అయ్యాక స్ప్రింట్స్ జరుగుతాయి. పైథాన్‌ను నడిపే డెవలపర్ల పక్కనే ఒక బల్ల దగ్గర కూర్చుని, కొత్తవాళ్లు తమ మొదటి సవరణ పంపుతారు. ఇక ఐదు నిమిషాల మెరుపు ప్రసంగాలకు మొదటిసారి మాట్లాడేవాళ్లే ఎక్కువగా ముందుకొస్తారు.

వేదిక మీద ఎవరు కనబడతారన్నది దానంతటదే తేలే విషయం కాదు. అమెరికా పైకాన్‌లో 2011లో మహిళలు ఇచ్చిన ప్రసంగాలు ఒక్క శాతం. 2014కి అది 33 శాతానికి, 2016కి 40 శాతానికి చేరింది. నిర్వాహకుల్లో ఒకరైన జెస్సికా మెకెల్లర్, ఆమెతో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాసి, మీ దగ్గర చెప్పాల్సిన విషయం ఉంది, ప్రతిపాదన పంపండి అని అడిగారు. జవాబు రాకపోతే మళ్లీ అడిగారు. ఈ హాల్లో కూర్చున్న అమ్మాయిలు ఈ అంకెలను గుర్తుపెట్టుకోవాలి. అడిగేవాళ్ల కోసం మాత్రం ఎదురుచూడకండి.

మన మాటకు వస్తాను. మొదటి సంవత్సరం ల్యాబ్‌లో మీరంతా స్ట్రింగ్‌ను తిరగేసే ప్రోగ్రాం రాశారు. 'హలో' అనే ఇంగ్లీషు మాటతో రాశారు, సరిగానే పనిచేసింది. దానికి 'శ్రీ' ఇచ్చి చూడండి. పైథాన్‌లో పొడవు అడిగితే నాలుగు అంటుంది: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. తిరగేస్తే గుడి దీర్ఘం ముందుకొచ్చి, ఆనడానికి హల్లు లేక గాల్లో వేలాడుతుంది. మనకు అది ఒక్క అక్షరం. సంయుక్తాక్షరాన్ని ఒకే అక్షరంగా లెక్కించే నియమం, తెలుగు, దేవనాగరి వంటి కొన్ని లిపులకు, యూనికోడ్‌లో 2023లో వెలువడిన 15.1తో గాని చేరలేదు. దాన్ని భాషలూ లైబ్రరీలూ అందిపుచ్చుకోవడం వేరే పని. 2018 ఫిబ్రవరిలో ఒక ప్రత్యేకమైన కూర్పులో రాసిన 'జ్ఞా' అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. తయారీ దశలో తెలుగు చదివే మనిషి కూర్చుని, ఒత్తులూ గుణింతాలూ ఇచ్చి పరీక్షించి ఉంటే అది ముందే బయటపడే అవకాశం ఉండేది. ఈ విషయం మీద మాట్లాడే అర్హత మీకు పుట్టుకతోనే ఉంది. మీరు చెప్పకపోతే దీన్ని ఇంకెవరో ఎందుకు చెబుతారు?

వేదికలు దూరంగా కూడా లేవు. 2009లో బెంగళూరులో మొదలైన పైకాన్ ఇండియా 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌లో జరిగింది. రెండోసారి జేఎన్‌టీయూ ప్రాంగణంలోనే.

ప్రతిపాదన ఎలా రాయాలో ఒక్క మాట చెబుతాను, ఎందుకంటే మంచి విషయం ఉండీ ఇక్కడే చాలామంది వెనకబడతారు. 'మెషిన్ లెర్నింగ్‌కు పరిచయం' అని పంపకండి. అలాంటివి కుప్పలుగా వస్తాయి. మార్కెట్ యార్డు మిర్చి ధరల ఫైలు చదివిస్తుంటే 03/05 అని రాసిన మే 3వ తేదీ మార్చి 5గా మారిపోయింది, నెల రోజుల లెక్కలు తారుమారయ్యాయి, ఎక్కడ తప్పిందో ఇలా పట్టుకున్నాను అని రాయండి. మీరు మాత్రమే చెప్పగలిగిన ముక్క అది. ఒకసారి తిరస్కరిస్తే దాన్నే సరిదిద్ది మళ్లీ పంపండి. సభకు వెళ్లినప్పుడు హాల్లో కన్నా వరండాలో ఎక్కువ నేర్చుకుంటారు. గుంపుగా నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఇంకొకరు వచ్చి చేరడానికి ఎప్పుడూ ఒక ఖాళీ వదలాలని, ఇలాంటి సమావేశాలు నిర్వహించే ఎరిక్ హోల్షర్ చెప్పిన పద్ధతిని చాలా సమావేశాలు పాటిస్తున్నాయి. ఆ ఖాళీ మీ కోసమే. బెరుకు లేకుండా అందులోకి వెళ్లండి. ప్రసంగం అయ్యాక ప్రశ్నల కోసం మైకు పెడతారు. ఇంగ్లీషు తడబడుతుందని వెనక్కి తగ్గకండి. ప్రశ్న సరైనదైతే వ్యాకరణం ఎవరికీ గుర్తుండదు.

ఉపకులపతి గారికి ఒక విన్నపంతో ముగిస్తాను. నెలకొక శనివారం సాయంత్రం సెమినార్ హాలు, ఒక ప్రొజెక్టర్ ఈ పిల్లలకు ఇప్పించండి. పట్టా తీసుకుని వెళ్లినవాళ్లు కూడా వచ్చి ఐదేసి నిమిషాలు మాట్లాడే వీలు కల్పించండి. మొదటి శనివారం ఏ రోజో ఖరారు చేస్తే, శ్రోతగా నేనూ వస్తాను.