ఆ చిన్న ఇంటూ గుర్తు మీద వేలు ఎందుకు పడదు?

యాడ్ మూసేద్దామని మూలనున్న చిన్న ఇంటూ గుర్తు నొక్కుతారు. వేలు పక్కన పడి, ఇంకేదో పేజీ తెరుచుకుంటుంది. తప్పు మీ వేలిది కాదు. దీనికో లెక్క ఉంది.

1954లో అమెరికన్ సైకాలజిస్ట్ పాల్ ఫిట్స్ ఒక ప్రయోగం చేశాడు. రెండు లోహపు పలకలు పెట్టి, చేతికి స్టైలస్ ఇచ్చి, మార్చి మార్చి తాకమన్నాడు. వేగంగా తాకాలి, గురి మాత్రం తప్పకూడదు. పలకలు దూరం జరిపితే టైమ్ పెరిగింది. సన్నవి పెట్టినా పెరిగింది. మజా ఏంటంటే, దూరం, వెడల్పు రెండూ రెట్టింపు చేస్తే టైమ్ దాదాపు మారలేదు. అంటే అసలు విషయం ఆ రెండిటి నిష్పత్తే అన్నమాట.

ఎందుకిలా? చెయ్యి మొదట ఒక్క ఊపున వెళ్తుంది. చివర్లో కన్ను చూసి దారి సరిదిద్దుతుంది. టార్గెట్ చిన్నదైతే ఆ దిద్దుబాటుకు ఎక్కువ టైమ్ కావాలి. తొందరపడితే ఆ టైమ్ ఉండదు, గురి తప్పుతుంది.

అందుకే నొక్కే చోటు కనీసం 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్, 44 పాయింట్లు ఉండాలని ఆపిల్ డెవలపర్లకు చెప్తాయి. ఇంటూ గుర్తును కావాలనే చిన్నగా పెట్టేవాళ్ళు ఇదే లెక్కను తిరగేసి వాడుతున్నారు. మీరు గురి తప్పితే వాళ్ళకో క్లిక్!

కాబట్టి బటన్ చిన్నగా ఉంటే, ముఖ్యంగా డబ్బులు పంపేటప్పుడు, ఆఖరి క్షణంలో వేలు నెమ్మదించండి. మీరు యాప్ చేస్తుంటే మాత్రం "క్యాన్సిల్" బటన్ పెద్దగా పెట్టండి. చెయ్యి వణికే పెద్దవాళ్ళూ దాన్నే నొక్కాలి కదా!